ప్రాగ్‌లో రెండు రోజులు: శనివారం కోట, ఆదివారం యూదుల పేట

అడిగింది ఇదీ: డ్రెస్డెన్‌లో చదువుకుంటున్న నలుగురు స్నేహితులు శుక్రవారం క్లాసులు అయ్యాక బయల్దేరి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. ఒకరు శాకాహారి, ఇద్దరు గొడ్డుమాంసం ముట్టరు. ఖర్చు అదుపులో ఉండాలి, ముఖ్యమైనవేవీ తప్పిపోకూడదు.

ముందు క్యాలెండర్ సంగతి చూడండి, ఎందుకంటే ప్రాగ్‌లో వారాంతం ప్లాన్లు చెడేది అక్కడే. కోటలోని సెయింట్ వైటస్ చర్చిలో ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, సందర్శకులను మధ్యాహ్నం 12 తర్వాతే లోపలికి వదులుతారు. యూదుల పేటలో (యోసెఫొవ్) మ్యూజియం, శ్మశానం, పాత సినగాగులు శనివారం పూర్తిగా మూసేస్తారు, అది వాళ్ళ విశ్రాంతి దినం. యూదుల పండగ రోజుల్లోనూ అంతే, సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్ళేవాళ్ళు ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి. అందుకే శనివారం కోట, ఆదివారం ఉదయం యూదుల పేట. ఈ వరుస తారుమారైతే ఒకచోట మూసిన తలుపు, ఇంకోచోట మధ్యాహ్నం దాకా పడిగాపులు. మిగతావన్నీ ఈ రెండింటి చుట్టూ ఎలా సర్దుకున్నా పరవాలేదు.

ఇక కాగితాలు. రెండు దేశాలూ షెంగెన్ (ఉమ్మడి వీసా నియమాలున్న యూరప్ దేశాల కూటమి) కాబట్టి జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు లేదా డి వీసా (దీర్ఘకాల వీసా) ఉంటే చెక్ దేశానికి వేరే వీసా అక్కర్లేదు. కానీ ఒరిజినల్ పాస్‌పోర్టు, ఒరిజినల్ కార్డు రెండూ జేబులో ఉండాలి. ఫోన్‌లో ఫోటో చాలదు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర జర్మన్ పోలీసులు రైలూ బస్సూ ఎక్కి చూస్తున్నారు. మీలో ఎవరికైనా పర్మిట్ గడువు తీరి, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ కాగితం (కొత్త పర్మిట్ వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రం) మాత్రమే ఉంటే, అందులో జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్‌లో ఏ ఉపవిభాగానికి టిక్ పెట్టారో చూడండి. నాలుగోదైతే పాత పర్మిట్, పాస్‌పోర్టుతో కలిపి చూపించి తిరిగి రావచ్చు. మూడోదైతే దేశం దాటకండి. అర్థం కాకపోతే విదేశీయుల ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే టికెట్లు కొనండి.

డ్రెస్డెన్ నుంచి ఈసీ (యూరోసిటీ) రైలు రెండున్నర గంటల లోపే చేరుస్తుంది. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకు చెల్లే నెలవారీ పాస్) దాని మీద చెల్లదు. అదే రైలు టికెట్ జర్మన్ రైల్వే యాప్‌లో ఒక ధర, చెక్ రైల్వే యాప్‌లో ఇంకో ధర ఉంటుంది, తరచూ రెండోదే తక్కువ. రెండూ తెరిచి పోల్చండి. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. సరిహద్దు దాకా ఎల్బే నది, ఇసుకరాతి కొండలు అటే కనిపిస్తాయి. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదుగానీ శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం చేయించుకోకపోతే నడవాలో నిలబడాల్సి వస్తుంది. ప్రాగ్‌లో ముందు హోలెషొవిట్సె స్టేషన్ వస్తుంది. "ప్రాహా" అన్న బోర్డు చూసి చాలామంది అక్కడే దిగేస్తారు. ప్రధాన స్టేషన్ (హ్లవ్నీ నాద్రజీ) దాని తర్వాతది. పొరపాటున దిగినా కంగారు లేదు, రెండూ మెట్రో సి లైను మీదే ఉన్నాయి. బస్సులో వెళ్తే ఎక్కువగా ఫ్లోరెంట్స్ బస్టాండులో దింపుతారు, అయినా టికెట్ మీద స్టాప్ పేరు చూసుకోండి.

బస విషయంలో పాత నగరం నడిబొడ్డు మీద మోజు వద్దు. అద్దె ఎక్కువ, శనివారం రాత్రి మూడింటి దాకా కిటికీ కింద అరుపులు. నామ్యెస్తీ మీరు, ఇ.పి.పావ్లొవా, కార్లొవొ నామ్యెస్తీ, అంద్యెల్, ఈ మెట్రో స్టేషన్లకు ఐదు నిమిషాల నడకలో ఏది దొరికినా పదిహేను ఇరవై నిమిషాల్లో పాత నగరంలో ఉంటారు. గది ధర కాక మనిషికి రాత్రికి 50 కొరునాల నగర పన్ను విడిగా అడగవచ్చు, అది మోసం కాదు. పాస్‌పోర్టు వివరాలు రాసుకోవడం కూడా అక్కడి చట్టమే. అపార్ట్‌మెంట్ అయితే రాత్రి పది తర్వాత గట్టిగా పాటలు పెట్టకండి, పక్కింటివాళ్ళు పోలీసులను పిలుస్తారు.

డబ్బు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నష్టాలన్నీ ఇక్కడే. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ యూరో వాడదు. వాళ్ళది కొరునా. (వైరస్‌తో సంబంధం లేదు, ఆ మాటకు కిరీటం అని అర్థం.) ఒక యూరోకు 24, 25 కొరునాలని గుర్తుంచుకుంటే మనసులో లెక్క సరిపోతుంది. ధర నాలుగుతో గుణించి చివరి రెండు అంకెలు తీసేయండి: 250 కొరునాలంటే 10 యూరోలు. చాలా దుకాణాలు యూరోలూ తీసుకుంటాయి గానీ వాళ్ళ రేటుకు, చిల్లర కొరునాల్లో.

దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. నలుగురికీ కలిపి 2,000 కొరునాల నగదు ఉంటే చాలు: టాయిలెట్లకు 10, 20 నాణేలు, చిన్న పబ్బులు, టిప్పులు. ఆ నగదు కూడా బ్యాంకు బ్రాంచి గోడలో ఉన్న ఏటీఎంలోనే తీయండి. పర్యాటక వీధుల్లో సావనీరు కొట్ల పక్కన ఒంటరిగా నిలబడ్డ యంత్రాల జోలికి వెళ్ళకండి. ఏ యంత్రమైనా "మీ ఖాతా నుంచి ఇన్ని యూరోలు తీసుకుంటాం, ఒప్పుకుంటారా" అని అడుగుతుంది. అక్కడ ఒప్పుకోవద్దు. "మార్పిడి లేకుండా" అన్న బటన్ నొక్కాలి. ఒప్పుకుంటే యంత్రం తన రేటు వేస్తుంది. 24.5 రావాల్సిన చోట 21.5 చొప్పున లెక్కగట్టిందనుకోండి, 2,000 కొరునాలకు 82 యూరోల బదులు 93 పోతాయి. రెస్టారెంట్‌లో కార్డు మెషీన్ మీదా ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడ కూడా కొరునాల్లోనే చెల్లించండి. ఇంకో చిన్న కిటుకు: 2,000 అడిగితే ఒకే నోటు ఇచ్చేస్తుంది, దాన్ని మార్చడం తలనొప్పి. 1,900 అడగండి, చిన్న నోట్లు కలిసి వస్తాయి.

వీధిలో ఎవడైనా వచ్చి "మంచి రేటు ఇస్తా" అంటే ఆగకుండా నడవండి. చేతిలో పెట్టేది వేరే దేశపు చెల్లని నోట్లు, లేదా కొరునాల్లా కనిపించే హంగరీ ఫోరింట్లు. మార్పిడి కేంద్రాల్లో "కమిషన్ సున్నా" అన్న పెద్ద అక్షరాలకు అర్థం లేదు, చూడాల్సింది వాళ్ళు మన యూరోను కొనే రేటు. ఇప్పటికే మోసపోయి ఉంటే ఒక దారి ఉంది: 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. రసీదు పారేయకుండా అదే కౌంటర్‌కు తిరిగి వెళ్ళి అడగండి.

టికెట్ల దగ్గర కూడా ఇలాగే. ప్రాగ్ మెట్రోలో హైదరాబాద్ మెట్రోలా గేట్లుండవు. ఎస్కలేటర్ ముందు పసుపుపచ్చ పెట్టె మాత్రం ఉంటుంది. కాగితం టికెట్ కొనగానే సరిపోదు, ఆ పెట్టెలో దూర్చి సమయం ముద్ర వేయించాలి. అప్పటినుంచే దాని గడువు మొదలు. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే లెక్క. రెండుసార్లు ముద్ర వేసినా చెల్లదు, కాబట్టి 24 గంటల టికెట్‌ను ఎక్కిన ప్రతిసారీ పెట్టెలో పెట్టకండి. మామూలు బట్టల్లో ఉండే తనిఖీవాళ్ళు సామానుతో దిగే కొత్తవాళ్ళను స్టేషన్ల దగ్గరే పట్టుకుంటారు. జరిమానా వెయ్యి కొరునాల పైనే. "తెలియదు" అంటే వినరు. బ్యాడ్జి చూపించమని అడిగే హక్కు మాత్రం మీకుంది. యాప్‌లో కొంటే యాక్టివేట్ చేసిన క్షణమే చెల్లదు, ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ట్రాం కనిపించాక ఫోన్ తీయడం కాదు, స్టాప్‌కు నడిచేటప్పుడే నొక్కాలి. ట్రాం లోపలి కార్డు యంత్రంలో తీసుకున్న టికెట్‌కు సమయం అచ్చయ్యే వస్తుంది.

మీకు 72 గంటల టికెట్ దండగ. శుక్రవారం రాత్రి 7:30కి మొదటి 24 గంటల టికెట్‌కు ముద్ర వేస్తే శనివారం 7:30 దాకా, అప్పుడు రెండోదానికి వేస్తే ఆదివారం 7:30 దాకా. రెండు టికెట్లతో పని అయిపోయింది. ఒక్కొక్కటి 6 యూరోల అటూఇటూ, మెట్రో, ట్రాం, బస్సు అన్నిటికీ అదే. మెట్రో అర్ధరాత్రి దాకానే, శుక్ర, శనివారాల్లో ఇంకో గంట. ఆ తర్వాత 90లతో మొదలయ్యే నంబర్ల రాత్రి ట్రాములు తిరుగుతాయి, అవన్నీ లజార్‌స్కా స్టాప్‌లో కలుస్తాయి. ట్యాక్సీ తప్పనిసరైతే యాప్‌లోనే పిలవండి, రోడ్డు మీద ఆగివున్నది ఎక్కకండి.

శుక్రవారం రాత్రి సామాను పడేసి పాత నగర కూడలికి వెళ్ళండి, దీపాల వెలుగులో బాగుంటుంది. ఖగోళ గడియారం ముందు ప్రతి గంటకూ జనం పోగవుతారు. అపొస్తలుల బొమ్మలు కిటికీల్లో తిరగడం, అస్థిపంజరం గంట లాగడం, కోడి కూయడం, మొత్తం నిమిషం కూడా పట్టదు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మలాట చప్పగానే ఉంటుంది. అందరూ తలలు పైకెత్తి ఉంటారు కాబట్టి జేబుదొంగలకు మాత్రం అది పండగ. బ్యాగు ముందుకు వేసుకోండి.

అసలు చూడాల్సింది బొమ్మలు కాదు, వాటి కిందున్న రెండు పళ్ళేల్లో పైది. 1410 నాటి ఈ గడియారం పంచాంగం చూసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. కేంద్రం తప్పి తిరిగే చిన్న వలయం మీదున్నవి పన్నెండు రాశులు. సూర్యుడి ముల్లు, చంద్రుడి ముల్లు ఇప్పుడు ఏ రాశిలో ఉన్నాయో చూపిస్తాయి. మన పంచాంగంతో పోల్చి చూస్తే తేడా కనిపిస్తుంది, గడియారం తప్పు కాదు: అది సాయన రాశిచక్రం (వసంత విషువత్తు నుంచి లెక్కించేది), మనది నిరయనం (నక్షత్రాల ఆధారంగా లెక్కించేది), మధ్యలో సుమారు 24 డిగ్రీల తేడా ఉంది, దాన్నే అయనాంశ అంటారు. అంచున ఉన్న 24 అంకెల నల్ల వలయం సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెట్టే పాత బొహీమియా కాలం. మనకు రోజు సూర్యోదయంతో మొదలైనట్టు వాళ్ళకు అస్తమయంతో మొదలయ్యేది. టౌన్ హాలు పక్కనే నేలలో 27 తెల్ల శిలువ గుర్తులున్నాయి, 1621 జూన్ 21న చక్రవర్తి మీద తిరగబడినందుకు అక్కడ ఉరితీసిన, తల నరికిన నాయకులకు గుర్తుగా. చాలామంది చూడకుండానే తొక్కుకుంటూ పోతారు.

ఎవరైనా తప్పిపోతే కలిసే చోటు గడియారం అని పెట్టుకోకండి, ఆ గుంపులో దొరకరు. కూడలిలో యాన్ హుస్ విగ్రహం అనుకోండి.

శనివారం పొద్దున్నే లేవగలిగితే ప్రాగ్ మీది. తొమ్మిది తర్వాత చార్లెస్ వంతెన మీద నడక కాదు, తోపులాటే. సూర్యోదయం నుంచి ఏడున్నర దాకా ఖాళీగా ఉంటుంది. పాత నగరం వైపు నుంచి ఎక్కండి. ఎండ వెనక నుంచి పడి ఎదురుగా కొండ మీది కోట వెలుగుతుంది, ఫోటోలకు అదే సమయం. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, 30 విగ్రహాలు. ఇప్పుడున్నవి చాలావరకు నకళ్ళు. చక్రవర్తి నాలుగో చార్లెస్ దీనికి శంకుస్థాపన చేసిన ముహూర్తం గురించి ఒక కథ చెబుతారు: 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, 5 గంటల 31 నిమిషాలు. వరసగా రాస్తే 135797531, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. ముహూర్తాల పిచ్చి మనకొక్కరికే లేదన్నమాట.

వంతెన దాటాక అందరూ చేసే పొరపాటు కోటకు మెట్లెక్కడం. పైకి చేరేసరికి కాళ్ళు పోతాయి, లోపల ఇంకా మూడు గంటల నడక మిగిలి ఉంటుంది. దానికి బదులు ఐదు నిమిషాలు నడిచి మాలొస్త్రాన్‌స్కె నామ్యెస్తీలో 22వ నంబరు ట్రాం ఎక్కండి, ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాప్‌లో దిగండి. అక్కడినుంచి దారి చదును. ఈ 22 ట్రాంలోనూ జేబుదొంగలు ఎక్కువే. గేటు దగ్గర బ్యాగుల తనిఖీ ఉంటుంది. ప్రాంగణంలోకి ప్రవేశం ఉచితం, లోపలి భవనాలకే టికెట్, అవి ఉదయం 9కి తెరుస్తారు. మీరు 8:40కి అక్కడుంటే చర్చి దగ్గర వరుస మీ వెనకే మొదలవుతుంది.

ప్రధాన టికెట్ 450, 500 కొరునాల ప్రాంతంలో ఉంటుంది. 26 ఏళ్ళలోపు విద్యార్థులకు రాయితీ, యూనివర్సిటీ కార్డు తీసుకెళ్ళండి. మాస్టర్స్‌కు వచ్చినవాళ్ళలో కొందరు ఆ వయసు దాటి ఉంటారు, వాళ్ళు ఆశపెట్టుకోకండి. ముందు చర్చి (1344లో మొదలైన కట్టడం 1929 దాకా పూర్తి కాలేదు, లోపల ఎడమవైపు చెక్ చిత్రకారుడు మూఖా వేసిన రంగుల కిటికీ చూడండి), తర్వాత పాత రాజభవనం, సెయింట్ జార్జ్ బసిలికా, చివర గోల్డెన్ లేన్. ఈ వరుస ఎందుకంటే అన్నీ పడమర నుంచి తూర్పుకు ఒకే దారిలో ఉన్నాయి, వెనక్కి తిరగక్కర్లేదు. రాజభవనంలో 1618లో చక్రవర్తి అధికారులను కిటికీలోంచి బయటికి విసిరిన గది ఉంది. ముప్ఫై ఏళ్ళ యుద్ధం ఆ గొడవతోనే రాజుకుంది. గోల్డెన్ లేన్‌లో 22వ నంబరు చిన్న ఇల్లు రచయిత కాఫ్కా కొన్నాళ్ళు కూర్చుని రాసుకున్నది. తూర్పు గేటు నుంచి పాత కోట మెట్ల మీదుగా దిగితే మాలొస్త్రాన్‌స్కా మెట్రో దగ్గర తేలతారు. పక్కనే వాలెన్‌స్టైన్ తోట, నెమళ్ళుంటాయి, ఉచితం, చలికాలంలో మూసేస్తారు. మధ్యాహ్నం కాంపా దీవి, జాన్ లెనన్ పేరిట బొమ్మలూ రాతలూ నిండిన గోడ నెమ్మదిగా చూసుకోండి. సాయంత్రం లెత్నా గుట్ట ఎక్కితే వ్లతవా నది మీది వంతెనలన్నీ వరసగా కనిపిస్తాయి.

తిండి. మెనూలో నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి: హొవ్యెజీ అంటే గొడ్డుమాంసం, వెప్ర్షొవె పంది, కుర్జెత్సీ కోడి, బెజ్ మసా అంటే మాంసం లేనిది. గులాష్, స్వీచ్కోవా అని రాసి ఉంటే, వేరే మాట లేకపోతే అవి గొడ్డుమాంసమే. ఫోటోలో పులుసూ ఇడ్లీ ముక్కల్లా కనిపించి మనవాళ్ళు ఆర్డరిచ్చేసేది ఇవే. ఆ తెల్ల ముక్కలు క్నెద్లీకి, ఆవిరి మీదో నీళ్ళలోనో ఉడికించిన పిండి, గుడ్డు కలుస్తుంది. శాకాహారికి పబ్బుల్లో దిక్కు స్మజెనీ సీర్: బ్రెడ్ పొడి అద్ది వేయించిన జున్ను, బంగాళాదుంప వేపుళ్ళతో. దీని పూతలోనూ గుడ్డు ఉంటుంది, పక్కన ఇచ్చే తెల్ల సాస్‌లోనూ ఉంటుంది. సూప్‌లు కూరగాయలవని చెప్పినా మాంసం ఉడికించిన నీళ్ళతో చేసేవి చాలా ఉన్నాయి, అడగాల్సిందే. గుడ్డు కూడా తినకపోతే పేచీ పెట్టుకోకుండా భారతీయ రెస్టారెంట్‌కో సూపర్‌మార్కెట్‌కో వెళ్ళడం మేలు. జర్మనీలోలా కాకుండా ఇక్కడ సూపర్‌మార్కెట్లు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి, కొన్ని జాతీయ సెలవులప్పుడే పెద్దవి మూస్తారు.

కూడలిలో నిప్పుల మీద తిరిగే హామ్ పంది తొడ. బోర్డు మీది ధర 100 గ్రాములకు. అమ్మేవాడు అడక్కుండా 300, 400 గ్రాములు కోసి తూకం వేస్తాడు, అప్పుడు తెలుస్తుంది. కొంటే "100 గ్రాములే" అని కోయకముందే చెప్పండి. వీధి వీధికీ కనిపించే ట్రదెల్నీక్ ప్రాగ్ సంప్రదాయ మిఠాయి అని నమ్మకండి, పర్యాటకుల కోసం ఈమధ్య పుట్టుకొచ్చిన ఆచారం. తినాలనిపిస్తే ఒకటి కొని నలుగురూ పంచుకోండి. పబ్బులో మీ బల్ల మీద చిన్న చీటీ పెట్టి ఒక్కో బీరుకు ఒక్కో గీత గీస్తారు, అదే బిల్లు, పారేయకండి. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి తెస్తారు, చాలనుకుంటే గ్లాసు మీద అట్ట మూత పెట్టండి. నీళ్ళకూ, బల్ల మీద ఊరికే ఉన్నట్టు కనిపించే బ్రెడ్ బుట్టకూ డబ్బు తీసుకునే చోట్లున్నాయి. టిప్పు 10 శాతం చాలు, కార్డు పెట్టేముందే మొత్తం ఎంత తీసుకోవాలో చెప్పాలి.

ఆదివారం గది ఖాళీ చేసి సామాను ప్రధాన స్టేషన్ లాకర్లలో పెట్టి, తొమ్మిదికల్లా యూదుల పేటకు చేరండి. టికెట్ ఖరీదైనదే, 600 కొరునాల ప్రాంతం. ఖర్చు తగ్గించుకోవాలని దీన్ని మాత్రం వదిలేయకండి. పింకాస్ సినగాగ్ గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన చెక్ యూదుల పేర్లు దాదాపు 78 వేలు చేత్తో రాసి ఉన్నాయి. పై అంతస్తులో నాజీల తెరెజీన్ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలు. పక్కనే శ్మశానం: స్థలం చాలక ఒకరి మీద ఒకరిని పూడ్చుకుంటూ పోయారు, సుమారు 12,000 రాళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. మగవాళ్ళు తల కప్పుకోవాలి, టోపీ ఉంటే తెచ్చుకోండి. రెండున్నర గంటలు పడుతుంది. అక్కడ నవ్వుతూ సెల్ఫీలు బాగుండవు.

తర్వాత స్టారొమ్యెస్ట్‌స్కా దగ్గర 17వ నంబరు ట్రాం ఎక్కితే నది ఒడ్డునే సాగుతుంది, నేషనల్ థియేటర్, 1996 నాటి డాన్సింగ్ హౌస్ కిటికీలోంచే చూసేయొచ్చు. వీటొన్‌లో దిగి విషెహ్రద్ కోట ఎక్కండి. ప్రవేశం ఉచితం, జనం తక్కువ, ప్రాకారం మీంచి నది మలుపు కనిపిస్తుంది, సంగీతకారుడు ద్వోర్జాక్, మూఖా సమాధులు అక్కడే. దిగేటప్పుడు అటువైపున్న విషెహ్రద్ మెట్రోకు నడవండి. సి లైనులో మూడో స్టేషనే హ్లవ్నీ నాద్రజీ, సామాను తీసుకుని నేరుగా రైలెక్కవచ్చు. మనుషుల ఎముకలతో అలంకరించిన చర్చి కోసం కుత్నా హోరా ఊరికి వెళ్దామని మీలో ఒకరు తప్పకుండా అంటారు. రానూపోనూ, అక్కడి నడకతో సగం రోజు పైనే పోతుంది, పైగా లోపల ఫోటోలు తీయనివ్వరు. రెండు రోజుల్లో అది ఇరికించకండి, మూడో రోజుంటే వెళ్ళండి.

తిరుగు రైలు రాత్రి చిట్టచివరిది కాకుండా దానికి ముందుది తీసుకోండి. సరిహద్దు తనిఖీకి జర్మనీ వైపు బాద్ షాందావ్ స్టేషన్ దగ్గర ఆగిపోతే డ్రెస్డెన్‌లో మీ ఆఖరి ట్రాం తప్పుతుంది. స్టేషన్‌కు ముందే చేరినా ఎదురుగా ఉన్న పార్కులో చీకటి పడ్డాక కూర్చోకండి, హాలు లోపలే ఉండండి. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద చివరి నిమిషాల్లో పడుతుంది, పడగానే కదలాలి, నలుగురిలో ఒకరు బోర్డు దగ్గరే నిలబడండి.